వడ్ల గుమ్మి మీద జొన్న కంకి

కామారెడ్డి ఊరి చివర, ఎల్లారెడ్డి పోయే రోడ్డు మీద నేను మట్టి పని చేసుకునే షెడ్డు ఉంది. ఆ షెడ్డు కిటికీలో అరచేయి కన్నా కాస్త పెద్దదైన ఒక మట్టి పెళ్ల ఎప్పుడూ ఉంటుంది. కాల్చింది కాదు, రంగు పూసింది కాదు, ఉత్త పచ్చి మట్టి. మృగశిర కార్తె వచ్చి మొదటి వాన పడి గాలిలో తడి ఎక్కగానే అది వాసన వేయడం మొదలుపెడుతుంది. ముందు పేడ వాసన, తర్వాత వరి ఊక, ఎండిన వేపాకు, వాటన్నిటి అడుగున ఎక్కడో పాత వడ్ల వాసన. షెడ్డు నిండా దూరప్రాంతాల నుంచి లారీల్లో వచ్చిన తెల్ల మట్టి, ఎర్ర మట్టి, బూడిద రంగు మట్టి సంచులు పేర్చి ఉంటాయి గానీ ఎంత వాన పడినా వాటికి ఏ వాసనా పుట్టదు. సంచిలో వచ్చిన మట్టికి ఊరుండదని నాకొక చాదస్తం.

ఆ పెళ్ల మీద ఒక జొన్న కంకి ఉబ్బెత్తుగా లేచి ఉంటుంది. హైదరాబాదు నుంచి కాలేజీ పిల్లలు, నాలాగే సిరామిక్ పని చేసే కుర్ర కళాకారులు అప్పుడప్పుడూ వస్తుంటారు. మంచి పని చేస్తున్నారు వాళ్ళు. ఒకమ్మాయి తంగేడు రెమ్మల్ని తడి మట్టిలో అద్ది పళ్ళేలు చేస్తుంది. ఒక పిల్లవాడు ఎండాకాలం చెరువు అడుగు నెర్రెలిచ్చినట్టే పగిలే పూత కోసం బట్టీతో ఏళ్ళ తరబడి కొట్లాడుతున్నాడు. ప్రకృతి నుంచి, సంస్కృతి నుంచి ప్రేరణ పొందామని తమ ప్రదర్శన కాగితాల్లో రాసుకుంటారు, రాసుకోనీ, అబద్ధమేం కాదు. అయితే అందరూ చివరికి కిటికీ దగ్గర ఆగి అడిగేది ఒక్కటే, ఈ కంకి ఎవరు చేశారు, గింజ గింజా ఇంత నున్నగా దేనితో తీశారు అని. ఎవరూ చేయలేదంటే నమ్మరు. అందుకని ప్రతిసారీ మా ఇంట్లో వడ్లు నిలవ పోసుకునే గుమ్మి సంగతి మొదటి నుంచీ చెప్పుకు రావాల్సి వస్తుంది.

మా ఊరు ఎల్లారెడ్డి నుంచి పోచారం వైపు పోయే తోవలో ఉంటుంది. చెరువు కింద వరి పొలం, గూన పెంకుల ఇల్లు, ఇంటి నడుమ వాకిలి, వాకిలికి ఎడమ పక్క చీకటి అర్ర. ఆ అర్రలో సగం కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి, పొట్ట ముందుకు పెట్టుకుని, మట్టి గుమ్మి కూర్చుని ఉండేది. వెదురుతో అల్లి పేడ మెత్తిన గుమ్ములు చాలా ఇళ్ళలో ఉండేవి గానీ మాది మొత్తం మట్టిదే. కుమ్మరి సారె మీద తిప్పింది కాదు. మట్టిని తొడంత లావు తాళ్ళలా పేని, ఒకదాని మీద ఒకటి చుట్టుగా పేర్చి, ఇంటి ఆడవాళ్ళే కట్టుకున్నది. పూటకు ఒక్క వరుసే పెట్టాలి, అది ఆరి గట్టిపడ్డాకే దాని మీద ఇంకొకటి. తొందరపడి రెండు వరుసలు పెడితే కింది పొట్ట జారి కూర్చుంటుంది. నేను కాలేజీలో డబ్బు కట్టి నేర్చుకున్న మొదటి పాఠం ఇదే, మా ఇంట్లో అప్పటికే అది నానుడిలా తిరుగుతుండేది. ఎవరైనా తొందరపడితే చాలు, "గుమ్మి కడ్తున్నవా, ఉర్కుతున్నవా" అనేవాళ్ళు.

గుమ్మిని అర్ర లోపలే కట్టారు. అర్ర దర్వాజా ఒక మనిషి, ఒక బస్తా పట్టేంత ఉంటే, గుమ్మి నడుము చుట్టూ మేం ముగ్గురం పిల్లలం చేతులు పట్టుకుని నిలబడ్డా అందేది కాదు. పుట్టిన గదిలోంచి ఎన్నడూ బయటికి రాని వస్తువది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మా కాలమంతా ఆ గుమ్మి చుట్టూనే తిరిగేది. వానాకాలం ముసురు పట్టి బయటికి పోనివ్వకపోతే దాని వెనక సందులో దాక్కునేవాళ్ళం. అక్కడ ఎప్పుడూ చల్లగా ఉండేది, తేళ్ళు కూడా ఉండేవి, రెండో సంగతి అమ్మకే గుర్తుండేది. పోచారం చెరువు నిండి మత్తడి దుంకిందని తెలిసిన రోజున ఊరంతా ఎడ్లబండ్ల మీద పోయి ఆ తెల్లటి నీళ్ళు చూసి, ఒళ్ళంతా తుంపర్లతో తడిసి, దారిలో కాల్చిన మక్కజొన్న బుట్టల గింజలు ఒలుచుకు తింటూ తిరిగొచ్చేవాళ్ళం. పొలాల అమావాస్యకు చెరువు మట్టితో ఎడ్లు చేసి, వాటికి చీపురు పుల్లల కొమ్ములు గుచ్చి, గుమ్మి ముందే వరసగా నిలబెట్టేవాళ్ళం. బతుకమ్మ నాటికి గుమ్మిలో వడ్లు అడుగంటేవి. అప్పుడు గుట్టల మీది నుంచి తెచ్చిన సీతాఫలాలను పైనుంచి ఆ మిగిలిన వడ్లలోకి వదిలేవాళ్ళు. ఒకటి రెండు రోజులకు అర్రంతా ఆ తియ్యటి వాసన కమ్ముకుంటే, గునుగు పూలు తెంపుకొచ్చిన పచ్చి చేతులతోనే పండు పండిందా లేదా అని లోపలికి తొంగిచూసేవాళ్ళం. అటుపక్క అమ్మ సజ్జ రొట్టెలు బెల్లంతో కలిపి మలీద ముద్దలు చేస్తుండేది. ఆ రెండు వాసనలూ కలిసినదే నాకు ఇప్పటికీ బతుకమ్మ.

వడ్లు కావలసినప్పుడు గుమ్మి అడుగున పిడికిలి పట్టేంత కంతకు కుక్కిన గుడ్డ తీసేవాళ్ళు. గలగలమని వడ్లు బుట్టలోకి జారేవి. ఆ ధార కింద అరచేయి పెట్టడం మా ఇంట్లో ఒక హక్కు, దానికోసం పిల్లలం వంతులేసుకునేవాళ్ళం. వడ్లు చేతి మీంచి జారుతుంటే వెచ్చగా, గరుకుగా, ప్రాణమున్నట్టు అనిపించేది. ఇప్పుడు ఏటీఎం ముందు నిలబడ్డా నాకు ఆ ధీమా రాదు.

ఈ గుమ్మికి యజమాని మా అవ్వ. అవ్వ అంటే నాన్నమ్మ, మా బాపు వాళ్ళమ్మ. బాపు ఎట్లా పిలిస్తే మేమూ అట్లాగే పిలిచేవాళ్ళం. సన్నగా, నల్లగా, నడుము వంగకుండా ఉండేది. ఆమె పుట్టింది బిచ్కుంద అవతల, మరాఠీ, కన్నడం కూడా వినిపించే పల్లెలో. అది నల్లరేగడి నేల, జొన్న తప్ప ఇంకో మాట లేని ఊరు. అక్కడి నుంచి నీళ్ళున్న ఊరికి, వరి అన్నం తినే ఇంటికి కోడలుగా వచ్చింది. వచ్చిన రోజున కాళ్ళు కడిగి తిన్నగా గుమ్మి ముందు నిలబెట్టి, కంత తీసి, ఆమె కొంగులో వడ్లు పట్టించారట. అప్పుడే ఈ ఇంటి మనిషినయ్యాననేది అవ్వ. తాళి కట్టించుకున్న ముహూర్తం ఆమెకు సరిగా గుర్తులేదు గానీ, కొంగులో పడ్డ ఆ వడ్ల బరువు బాగా గుర్తుండేది.

ఏడాదికోసారి, యాసంగి పంట ఇంటికొచ్చే ముందు, ఉగాది దగ్గర పడ్డప్పుడు గుమ్మి ఖాళీ అయ్యేది. అప్పుడు దాన్ని అలికేవాళ్ళు. ఆ మట్టి కోసం అవ్వ మమ్మల్ని చెరువుకు తీసుకుపోయేది. నీళ్ళు వెనక్కి పోయిన చోట ఒండ్రు ఎండి, పైపొర అప్పడాల్లా చుట్టుకుని లేచి ఉండేది. వాటి మీద కొంగల కాళ్ళ గుర్తులు, ఎప్పుడైనా అడవి వైపు నుంచి నీళ్ళకు వచ్చిన జింక గిట్టల గుర్తులు అచ్చుపోసినట్టు కనిపించేవి. నేను వాటిని విరగకుండా లంగాలో మోసుకొచ్చేదాన్ని. ఇంటికి చేరేసరికి పొడి మిగిలేది. అవ్వ ఆ పొడిని కూడా పారేయనిచ్చేది కాదు, మట్టిలోనే దులపమనేది. ఊక, తరిగిన గడ్డి, పేడ కలిపి, నీళ్ళు పోసి, మడమలతో తొక్కి, పులవడానికి వదిలేసేవాళ్ళం. ఆ పులిసిన వాసన భరించలేక మా పక్కింటివాళ్ళు తలుపు వేసుకునేవాళ్ళు, మాకు మాత్రం అది ఉగాదికి బచ్చాలు, అంటే బొబ్బట్లు, చేసే రోజు దగ్గరికొచ్చిందన్న కబురు.

అలకడానికి ముందు రుద్దడం ఉండేది. అది పెద్ద శిక్ష. పాత పూత మీద నీళ్ళు చిలకరించి, కొబ్బరి పీచుతో, ఇటుక ముక్కతో గుమ్మి ఒళ్ళంతా గీతలు పడేలా గరుకుగా రుద్దాలి. అట్లా రుద్దితేనే కొత్త పూత పాత పూతను పట్టుకుంటుంది. రుద్దకుండా పైపైన పూస్తే ఎప్పుడో ఒకప్పుడు పెచ్చు ఊడి పడుతుంది. మేం చేతులు నొప్పి పుట్టి ఎక్కడైనా కాస్త వదిలేస్తే అవ్వ వేలితో తడిమి పట్టేసేది.

"మా అత్త అయితే ఇంత జాగ ఇడ్సిపెట్టినా మల్ల మొదటికెల్లి రుద్దిచ్చేది," అనేది.

అవ్వ వాళ్ళత్త పేరు రాజవ్వ. నేను పుట్టక చాలా ముందే పోయింది. ఆమె ఫోటో లేదు, ఆమె చేతి గాజు లేదు, మా ఇంట్లో ఆమెవి మిగిలినవి రెండే. ఒకటి ఈ రుద్దుడు కాయిదా, అంటే తప్పరాని పద్ధతి, ఇంకోటి అవ్వ మనసులో ఉన్న ఒక కోపం. ఆ కోపం ఏటా ఉగాదికి గుమ్మి అలుకుడుతో పాటు పైకొచ్చేది. ఎందుకంటే పూత కాస్త బిగిసే వేళకు దాని మీద వేళ్ళతో బొమ్మ వేయడం ఇంటి కోడలి వంతు. మా వైపు నాలుగు వేళ్ళూ కలిపి పొలంలో నీళ్ళు పారినట్టు వంకర చాళ్ళు గీసేవాళ్ళు, అంతే. కొత్త కోడలుగా మొదటి ఉగాదికి అవ్వ తన ఊరి పద్ధతిలో జొన్న కంకి వేసింది. చూపుడు వేలితో పొడుగ్గా ఒక కాడ లాగి, దానికి అటూ ఇటూ బొటనవేలి కొసతో దగ్గర దగ్గరగా నొక్కుకుంటూ పోయింది. ఒక్కో నొక్కూ ఒక్కో గింజ. అది చూసి రాజవ్వ అన్న మాటలను అవ్వ అదే గొంతుతో మాకు వినిపించేది.

"గుమ్మిల వడ్లు వోస్తమా, జొన్నలు వోస్తమా? మీ తల్లిగారింట్ల జొన్నలు దింటరని ఊరికంత జెప్పాల్నా?"

పూత ఆరగానే, అవ్వ బాయి దగ్గరి పొలానికి పోయి పొద్దుగూకి వచ్చేలోపల, రాజవ్వ మొత్తం మళ్ళీ అలికేసి తన చాళ్ళు తాను గీసుకుంది. అప్పటి కోడళ్ళు అత్తకు ఎదురు చెప్పేవాళ్ళు కాదు. కానీ ఆ తర్వాత ఎన్నడూ కంకి వేయలేదు. అత్త పోయాక ఇంట్లో తానే పెద్దయినా, అడిగేవాళ్ళు ఎవరూ లేకపోయినా, వడ్ల ఇంటి చాళ్ళే గీసింది. ఒక్కసారి మాత్రం, నేను పట్టు వదలకుండా అడిగితే, తొక్కిన మట్టి కుప్ప మీద వేసి చూపించింది. ఎంత వేగంగా వేసిందో! మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి మెడ తిప్పి చూసి, మళ్ళీ బచ్చాల పూర్ణం కలపడంలో పడింది. మరునిమిషం అవ్వ దాన్ని అరచేత్తో చెరిపేసి, "రుద్దు రుద్దు, పొద్దు వోతుంది" అంది. మిగతా లోకం మీద ఏ కోపమూ లేని మనిషి, ఆ ఒక్క కంకి దగ్గర మాత్రం మెత్తబడేది కాదు. ఎంతో మందికి కట్నాలు, కానుకలు, పొలం గట్లు కోపాలకు కారణమైతే, మా అవ్వకు ఒక వేలిముద్రల బొమ్మ కారణం అయింది.

నాకు పదీ పదకొండేళ్ళ వయసులో బాపు దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. ఇల్లు తీసి స్లాబు ఇల్లు కడదామన్నాడు. ఈ మాటకు అందరికన్నా సంతోషించింది అమ్మ. ఆమెను తప్పు పట్టడానికి లేదు. ఏటా మట్టి తొక్కి తొక్కి ఆమె మడమలు పగిలి ఉండేవి, పేడ నీళ్ళకు చేతి వేళ్ళ సందులు ఒరుసుకుపోయేవి, గుమ్మి వెనక తేలు కుట్టి ఒకసారి రాత్రంతా ఏడ్చింది. పైగా అప్పటికి వడ్లు కల్లం నుంచి తిన్నగా మార్కెట్టుకే పోవడం మొదలైంది. గుమ్మిలో సగం కూడా నింపడం లేదు.

ఇల్లు తీయాలంటే ముందు సామాను బయటికి రావాలి. పెట్టెలు వచ్చాయి, మంచాలు వచ్చాయి, రోలు కూడా దొర్లుకుంటూ వచ్చింది. గుమ్మి దగ్గరికి వచ్చేసరికి బాపు దర్వాజాను, గుమ్మిని మార్చి మార్చి చూశాడు.

"అవ్వా, గిది దర్వాజలకెల్లి రాదు. ఏం జేద్దం మరి?"

"దర్వాజ కట్టినంక గుమ్మి కట్టిన్రు బిడ్డా. కట్టేటోల్లకు ఇల్లు కూలగొడ్తరని తెల్వదు గద," అంది అవ్వ.

"పగలగొడ్దం, ఇంకేంది," అని బాపు అనకుండా ఉండాల్సింది. అవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. మర్నాడు అర్రలో చాప వేసుకుని, గుమ్మికి వీపు ఆనించి కూర్చుంది. కోపంగా కూడా కాదు, కూర్చుంది, అంతే. నన్ను మాత్రం పక్కన కూర్చోనిచ్చింది.

అమ్మ చాలాసేపు చూసి చూసి దగ్గరికి వచ్చింది. "అత్తా, ఉత్త గుమ్మి. దీంట్ల ఏమున్నదని?"

"నేనున్న దీంట్ల," అంది అవ్వ. "ఇది నన్ను ఈ ఇంట్లకు తీస్కున్నది. ఇది వోతే నేను ఈ ఇంటిదాన్నని జెప్పేదానికి ఏమున్నది? మా అత్త ఉన్నదా జెప్పెతందుకు? ఉన్నా జెప్పేది గాదు."

అప్పుడు నాకు భయమేసింది. గుమ్మి పోతుందని కాదు, అది పోతే అవ్వ కూడా ఎటైనా పోతుందేమోనని. బిచ్కుంద వైపు పోయే బస్సు ఎల్లారెడ్డిలో ఎక్కడ ఆగుతుందో ఆమెకు బాగా తెలుసు.

బాపు మెత్తని మనిషి. రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం పన్నాడు. ఇంటి పైకప్పు తీశాక, అర్ర గోడను ఒక పక్క కూలగొట్టి, గుమ్మి కింద వెదురు బొంగులు దూర్చి, తాళ్ళు కట్టి, దొర్లించుకుంటూ వాకిట్లోకి తెద్దామన్నాడు. పైకప్పు తీశారు, గోడ తీశారు. ఏనాడూ ఎండ మొహం చూడని గుమ్మి మొదటిసారి పట్టపగలు వెలుతురులో కనిపించింది. మేమనుకున్నంత నల్లగా లేదు. పసుపు కలిసిన బూడిద రంగులో, ఏటేటి చాళ్ళతో, వయసైన మనిషి మెడలా ముడతలు పడి ఉంది. తీరా బొంగులు దూర్చుదామని చూస్తే గుమ్మికి విడిగా అడుగే లేదు. నేల మీదే మొదటి వరుస పెట్టి కట్టుకొచ్చారు. అది నేలలోంచి మొలిచినట్టే ఉంది. కూలీలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. సరే, రేపు చూద్దామని బాపు దాని మీద టార్పాలిన్ కప్పించాడు.

ఆ సాయంత్రం అకాల వాన కొట్టింది. ముందు గాలి దుమారం, ఆ తర్వాత రాళ్ళ వాన. పక్కింటి వసారాలో నిలబడి చూస్తున్నాం. టార్పాలిన్ ఒక మూల ఊడి, గాలికి పైకి లేచి, చింతచెట్టు మీదికి పోయి పడింది. గుమ్మి వానలో నిలబడి ఉంది. అవ్వ కొంగు నెత్తిన వేసుకుని బయటికి పోబోతే అమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది. ఇద్దరూ అట్లాగే చెయ్యి వదలకుండా వాన తగ్గేదాకా నిలబడ్డారు. వాళ్ళిద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవడం అంతకుముందు నేను చూడలేదు.

తెల్లవారి అందరికన్నా ముందు పోయింది అవ్వ, ఆమె వెనకే నేను. గుమ్మి కూలలేదు. తడిసి బరువెక్కి, పొట్ట ముందు భాగం మీది నుంచి ఒక దళసరి పెచ్చు ఊడి లోపలి పక్క పైకి తిరిగి కింద పడి ఉంది. అది ఊడిన చోట, పొరలన్నిటికీ అడుగున, చెక్కు చెదరకుండా జొన్న కంకి ఉంది. ఒక్కో బొటనవేలి నొక్కూ గుంటగా, కొస పదునుగా, నిన్న మొన్న వేసినట్టుంది.

అవ్వ ముందు నమ్మలేదు. కింద కూర్చుని వేలితో తడిమింది. కంకి చుట్టూరా ఇటుక ముక్కతో గట్టిగా రుద్దిన గీతలు, రాజవ్వ కాయిదా ప్రకారమే, లోతుగా కనిపించాయి. ఆ గీతలు కంకికి వేలెడు దూరం దాకా వచ్చి, అక్కడ ఆగి, చుట్టూ తిరిగిపోయాయి. కంకి మీద ఒక్క గీత లేదు. నొక్కు నొక్కులోనూ తెల్లటి పొడి అంటుకుని ఉంది. అవ్వ దాన్ని వేలికొసన తీసుకుని చూసింది.

"పొయ్యి బూడిద," అంది.

అప్పుడు నాకు అర్థం కాలేదు. అచ్చులో మట్టి అంటుకోకుండా పొడి చల్లడం అన్నది నేను చాలా ఏళ్ళ తర్వాత నేర్చుకున్నాను. అవ్వకు మాత్రం అక్కడే, ఆ బురదలోనే అర్థమైంది. ఇంత జాగా వదిలినా మళ్ళీ మొదటి నుంచీ రుద్దించే మనిషి, కోడలి కంకి ఉన్నంత మేర వదిలేసింది. వదిలేసి, దాని మీద బూడిద అద్ది, కొత్త పూత దాన్ని పట్టుకోకుండా చేసి, అప్పుడు కప్పింది. ఊరికి కనిపించకూడదనుకుంది, కానీ పోకూడదని కూడా అనుకుంది. ఆ పని చేసి, చాళ్ళు గీసి, చేతులు కడుక్కుని, చచ్చేదాకా ఒక్క మాట చెప్పలేదు.

"దొంగ ముసల్ది," అంది అవ్వ. నవ్వుతూ అంది. ఆ తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. "జెప్తే ఏం వోతుండె? జెప్పచ్చు గద నాకు."

అమ్మ వెనక ఎప్పుడొచ్చి నిలబడిందో మేం చూడలేదు. అవ్వ కళ్ళు తుడుచుకుని లేచి, బాపుతో, "ఇగ తియ్యుండ్రి. నీళ్ళు వోసి మెల్లగ తియ్యుండ్రి, గడ్డపారలు వెట్టకుండ్రి," అంది. గుమ్మిని ఎవరూ పగలగొట్టలేదు. నీళ్ళు పోసి, నానబెట్టి, వరుస వరుసా పైనుంచి విప్పారు. కట్టినప్పుడు పూటకో వరుస, విప్పినప్పుడు కూడా దాదాపు అంతే. ఆ మట్టిని పెరట్లో పోస్తే అమ్మ దాని మీద బీర తీగ పెట్టింది. ఆ ఏడు కాసినన్ని బీరకాయలు మళ్ళీ ఎన్నడూ కాయలేదు.

కింద పడ్డ పెచ్చును నేను దాచుకున్నాను, షెడ్డు కిటికీలోని పెళ్ల అదే. లోపలి గోడ మీద కంకి గుంటలుగా ఉంది కదా, దాని మీద కప్పిన పూత ఆ గుంటల్లోకి దిగి ఆరింది. అందుకని పెచ్చు వెనక పక్క ప్రతి గుంటా ఒక గింజై ఉబ్బి లేచింది. అవ్వ గింజలు చేయలేదు, నొక్కింది. రాజవ్వ గింజలు చేయలేదు, కప్పింది. నిజం జొన్న కంకిలా ఉన్న ఆ కంకిని ఎవరూ చేయలేదని నేను అందుకే అంటాను. కొట్లాడుకున్న ఇద్దరు ఆడవాళ్ళ నడుమ, చీకట్లో అదే తయారైంది.

స్లాబు ఇల్లు లేచింది. అవ్వ అందులో చాలా ఏళ్ళు బతికింది. ఆ తర్వాత రాజవ్వ మాట వచ్చినప్పుడు ఆమె గొంతులో ఆ పాత పదును వినిపించలేదు. నేను బొమ్మల కాలేజీకి పోతానంటే బాపు కన్నా ముందు సరేనన్నది ఆమే. మట్టి తొక్కెతందుకు కాలేజీ ఏందని మాత్రం నవ్వింది.

ఇప్పుడు అవ్వ లేదు, బాపు లేడు. మా ఊళ్ళో ఒక్క ఇంట్లోనూ గుమ్మి లేదు. చీకటి అర్రలు లేవు, కంత కింద అరచేయి పట్టే పిల్లలు లేరు. వడ్లు ఇంటి గడప చూడకుండానే పోతాయి, బియ్యం కుట్టిన సంచిలో తిరిగొస్తాయి. సీతాఫలాలు రోడ్డు పక్క బుట్టల్లో పండుతున్నాయి. అమ్మ నా దగ్గరే ఉంటుంది. షెడ్డుకు వచ్చి, నా పనిని చూసి, ఇంత మట్టి మల్ల మన నెత్తినే వచ్చి వడ్డదని అప్పుడప్పుడూ దెప్పుతుంది.

పోయిన చలికాలం హైదరాబాదులో ఒక ప్రదర్శనకు పెద్ద పని కావాలని అడిగారు. నేను ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నది మొదలుపెట్టాను. తాళ్ళు పేని, పూటకో వరుస పెట్టి, ఊక కలిపిన మా చెరువు మట్టితోనే షెడ్డు మధ్యలో గుమ్మి కట్టాను. చేతులు వాటంతటవే పోయాయి. తలెత్తి చూసుకోలేదు. పైవరుస పూర్తయిన రోజు, బట్టీ తలుపు తెరిచి నిలబడ్డాక గానీ నా బుర్రకు తట్టలేదు. గుమ్మి బట్టీ మూతి కన్నా చాలా వెడల్పు. నాతో పనిచేసే ఇద్దరమ్మాయిలు మొహాలు అటు తిప్పుకుని నవ్వారు. కొలతలు చెప్పి పాఠాలు చెప్పే మనిషిని, దర్వాజా చూసుకోకుండా గుమ్మి కట్టాను. ప్రదర్శనకు రెండు ముక్కలుగా ఇంకొకటి చేసి పంపించాం. ఇది మాత్రం కాలకుండా, కదలకుండా షెడ్డులోనే ఉండిపోయింది.

అమ్మ వచ్చి దాని చుట్టూ ఒకసారి తిరిగింది. "మీ అవ్వ పోలిక ఏడికి వోతది," అంది. "వడ్లు వోస్తవా దీంట్ల?"

నేను సమాధానం చెప్పేలోపు, ఆ పొద్దునే పెట్టిన పూత ఇంకా పచ్చిగా ఉన్న చోట ఆమె చెయ్యి పెట్టింది. ఎండిపోయిన, కణుపులు లావెక్కిన వేలితో మెల్లగా ఒక కాడ లాగింది. ఆ తర్వాత బొటనవేలితో అటొకటి, ఇటొకటి నొక్కుకుంటూ పైకి పోయింది. ఎవరూ ఆమెకు నేర్పలేదు. ఒకే ఒక్కసారి, పొయ్యి దగ్గర నుంచి మెడ తిప్పి చూసింది. అత్తతో ఎన్నడూ ఒక మంచి మాట ఆడని మనిషి అనుకునేదాన్ని. కంకి పూర్తి చేసి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, ఏమీ జరగనట్టు టీ పెట్టడానికి పోయింది.

పూత ఆరాక ఒక పొద్దున నేను కొత్త మట్టి కలిపాను. ఇటుక ముక్క తీసుకుని గుమ్మి పొట్టంతా గీతలు పడేలా గరుకుగా రుద్దుకుంటూ వచ్చి, కంకికి వేలెడు దూరంలో ఆగాను. బూడిద కోసం వెతికితే దొరకలేదు. నా బట్టీ కరెంటుది, ఇంట్లో పొయ్యి గ్యాసుది, ఈ వీధిలో ఎవరింట్లోనూ పిడికెడు బూడిద లేదు. చివరికి అమ్మ దేవుడి గూటిలో ఊదుబత్తి కింద రాలిన బూడిద చిటికెడు తెచ్చి, ఒక్కో గింజ గుంటలోనూ వేలికొసతో అద్ది, మీద పూత పెట్టాను. అమ్మ తలుపు దగ్గర నిలబడి మొత్తం చూసింది గానీ, ఎందుకు కప్పుతున్నావని అడగలేదు.